జాతకం జెల్లీ

బెల్లు కొట్టడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది. వీరవేణి బ్లీచింగ్ నీళ్ల బకెట్టు పట్టుకుని బయాలజీ ల్యాబ్ గుమ్మంలో నిలబడింది. బల్లల మీద ముప్ఫై ప్లేట్లు, వాటి మీద వంగి ముప్ఫై తలకాయలు. ప్లేట్లన్నీ నీలంగానే ఉన్నాయి. ముప్ఫై ఒకటోది మాత్రం ఏ బల్ల మీదా లేదు. అది లోపలి గదిలో, గాజుసామాను తోమే తొట్టి పక్కన, వేళ్లు మొలిపించడానికి తెచ్చిన ఉల్లిపాయల బుట్ట వెనక ఉంది. దాని సంగతి వీరవేణికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

“వేణక్కా, నాది ఇంకో పది నిమిషాలు ఉంచవా? ఒక్క ఏడాదే కదా,” అంది రెండో బల్ల దగ్గరున్న ఝాన్సీ. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్ల, నోరు ఊరుకోదు.

“ఏడాదైనా ఆర్నెల్లైనా మేడంగార్ని అడుగు. నా చేతిలో ఉన్నది బకెట్టు.”

“పెళ్లెప్పుడవుద్దో కూడా చెప్తే బాగుండును ఈ జెల్లీ.”

“నీ పెళ్లి సంగతి చెప్పాలంటే ప్లేటు చాలదే, డ్రమ్ముడు జెల్లీ పొయ్యాలి,” అంది వీరవేణి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తనూ నవ్వింది గానీ కళ్లు మాత్రం గోడగడియారం మీదే ఉన్నాయి.

ఆ జెల్లీకి రికార్డు పుస్తకంలో రాసే పేరు వేరే ఉంది. అది సగం మందికి నోరు తిరగదు. మాటల్లో మాత్రం అందరూ జాతకం జెల్లీ అనే అంటారు. దాన్ని తయారుచేసింది హైమవతి మేడం. ఒంట్లోని కణం ఎలా ముసలిదవుతుందో బోర్డు మీద బొమ్మలేసి పదిహేనేళ్లు చెప్పి చెప్పి విసిగిపోయి, ఈసారి కంటితో చూపించాల్సిందేనని పట్టుబట్టి, ఈ గదిలోనే, ఈ ఫ్రిజ్ పక్కనే కూర్చుని చేసింది. బుగ్గ లోపల పుల్లతో మెల్లగా గీకి ఆ తడిని జెల్లీ మీద రాస్తే, అందులోని కణాలు పది నిమిషాల్లో ఏడాది బతుకు బతికేస్తాయి. తమ అరుగుదలని తాము బాగుచేసుకున్నంత కాలం జెల్లీ నీలంగా ఉంటుంది. ఆ ఓపిక అయిపోయిందంటే టీ మరకలా గోధుమరంగు పాకుతుంది. ఏ జబ్బో అది చెప్పదు. ఎన్నో ఏట వస్తుందో మాత్రం చెబుతుంది.

అందుకే మేడం ఒక నియమం పెట్టింది. ప్రాక్టికల్ యాభై నిమిషాలు, అంటే ఐదేళ్లు. పద్దెనిమిదేళ్ల పిల్లలకి ఐదేళ్లలో రంగు మారడం దాదాపుగా ఉండదు. బెల్లు కొట్టగానే ప్లేట్లన్నీ బకెట్టులో పడాలి. “పాఠం తెలియాలి, జాతకం తెలియకూడదు,” అని ప్రతి బ్యాచికీ చెబుతుంది. ప్లేట్లని లెక్కబెట్టి నీళ్లలో వేసే పని వీరవేణిది. రెండేళ్లుగా ఒక్క ప్లేటు కూడా తప్పిపోలేదు.

బెల్లు కొట్టింది. వీరవేణి బల్ల బల్లకీ వెళ్లి ప్లేట్లు అందుకుంది. ఒకటి, రెండు, మూడు. అందరికంటే చివర ఇచ్చిన ముప్ఫయ్యోది ఝాన్సీది. దాన్ని వదల్లేక వదులుతూ, “పో అమ్మా పో, నా ఐదేళ్లూ పో,” అంది ఆ పిల్ల.

“ముప్ఫై అయ్యాయండి,” అని చెప్పింది వీరవేణి. ఆ మాట నిజమే. మేడం తలూపి చాక్‌పీసు చేతులు దులుపుకుంటూ స్టాఫ్ రూముకి వెళ్లిపోయింది.

లోపలి గది తలుపు దగ్గరగా వేసి, ఉల్లిపాయల బుట్ట పక్కకి జరిపింది. నీలంగానే ఉంది. హమ్మయ్య అనుకుని స్టూలు లాక్కుని కూర్చుంది.

అది తన కూతురి ప్లేటు. మోక్షితకి ఏడాదిన్నర. పది నెలలప్పుడు ఒకసారి, ఏడాది నిండాక ఇంకోసారి జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. కళ్లు తేలేసి, చేతులు బిగుసుకుని, పెదాలు నల్లబడిపోయిన ఆ రెండు నిమిషాలు వీరవేణి మర్చిపోలేదు. చిన్నపిల్లలకి జ్వరంలో ఇలా రావడం మామూలేననీ, ఐదేళ్లు వచ్చేసరికి పోతుందనీ డాక్టరుగారు నచ్చజెప్పాడు. మొగుడు సూరిబాబు ఆ మాట నమ్మాడు. వీరవేణి నమ్మలేకపోయింది. నిద్రలో కూడా పిల్ల ఒంటి మీద చెయ్యి తీయదు. కాస్త వెచ్చగా అనిపిస్తే చాలు, లేచి కూర్చుని తన నుదురు ముట్టుకుని, పిల్ల నుదురు ముట్టుకుని, మళ్లీ తన నుదురు ముట్టుకుంటుంది. “డాక్టరు కంటే నువ్వే ఎక్కువ చదివావేంటే?” అంటాడు సూరిబాబు. తను చదివింది ఇంటర్ బైపీసీ, అదీ రెండో ఏడు సగంలో పెళ్లై ఆగిపోయింది. ఆగిపోయిన చోటు ఎక్కడో కూడా ఆమెకి గుర్తుంది. గుండె పాఠం, మూడో పేజీ.

అందుకే ఆ పొద్దున ఈ పనికి తెగించింది. పిల్లకి మందు పోసేటప్పుడు చేసే పనే చేసింది. మామూలుగా నోరు తెరవమంటే మోక్షిత తెరవదు. పాలు పట్టి, రొమ్ము విడిపించిన ఆ ఒక్క క్షణం నోరు తెరుచుకుని ఉంటుంది. అప్పుడు దూది పుల్లని బుగ్గలో తిప్పేసింది. ఉప్పునీళ్ల సీసాలో ఆ పుల్ల పెట్టి, టిఫిన్ బాక్సు సంచిలో సర్దుకుని వచ్చింది. పదిన్నరకి పిల్లలంతా సింకు దగ్గర వరసగా నిలబడి మూడేసిసార్లు పుక్కిలిస్తుంటే, లోపల తను ప్లేటు మీద పుల్ల రాసింది.

పదకొండున్నర. ఆరేళ్లు. మోక్షితకి ఏడున్నర. నీలం.

పదకొండూ నలభై. స్లైడ్లు తోముతూ మధ్యమధ్యలో తిరిగి చూస్తోంది. నీలం.

అసలు తను ఎంతసేపు చూడాలనుకుంది? ఆ లెక్క వేసుకోలేదు. ఐదేళ్లు చాలనుకుంది మొదట, ఫిట్స్ పోయే వయసు కాబట్టి. ఐదేళ్లు దాటాక ఇంకొంచెం అనిపించింది. ఆ ఇంకొంచెం దగ్గరే ఝాన్సీకీ తనకీ తేడా లేకుండా పోయింది.

పదకొండూ యాభై ఐదు. చేతిలో స్లైడు తుడుస్తూ తల తిప్పింది. ప్లేటు మధ్యలో గోధుమరంగు చుక్క ఉంది. పక్కన మరొకటి. చూస్తుండగానే రెండూ కలిసి, పళ్లెంలో పులుసు ఒలికినట్టు అంచు దాకా వచ్చేశాయి.

స్లైడు ఎప్పుడు పగిలిందో తెలియలేదు. వేలి నుంచి రక్తం కారి తొట్టిలో పడుతుంటే, ఎనభై ఐదు నిమిషాలు, ఎనిమిదిన్నర ఏళ్లు, ఒకటిన్నర కలిపితే పది, అని అదే లెక్క మళ్లీ మళ్లీ చేసింది. ప్రతిసారీ పదే వచ్చింది.

బకెట్టు పక్కనే ఉంది. అందులో వేసేస్తే ఏమీ జరగనట్టే. ఆమె ప్లేటుకి మూత పెట్టి, పాతగుడ్డలో చుట్టి, ఫ్రిజ్‌లో అడుగు అర వెనక పెట్టింది. చల్లటి చోట జెల్లీ ఉన్నది ఉన్నట్టు ఆగిపోతుందని ఆమెకి తెలుసు. ఎందుకు దాచిందో మాత్రం తనకే తెలియలేదు.

*

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు సత్యవతి వీధరుగు మీద కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుతోంది. మోక్షిత ఆ తుంచిన ముక్కలు ఒక్కొక్కటీ తీసి అవతల పడేస్తోంది.

“చూడు నీ కూతురు. నేను ఒకటి తుంపితే అది రెండు పారేస్తంది. రేపు అత్తారింట్లో కూర వండినట్టే.”

వీరవేణి సంచి కింద పడేసి పిల్లని ఎత్తుకుంది. గట్టిగా పట్టుకుంది. మోక్షిత విదిలించుకుని, కొంగు లాగి పాల కోసం వెతుక్కుంది.

“వేలికేంటే ఆ గుడ్డ?”

“గాజు గీరుకుందండి.”

“మొహం అలా పాలిపోయిందేంటి గాజు గీరుకుంటే.”

వీరవేణి పాలు తాగుతున్న పిల్లని చూస్తూ కూర్చుంది. పదేళ్లు. ఐదో తరగతి. పదేళ్ల పిల్లలు ఎలా ఉంటారు? ఎదురింటి వాళ్లమ్మాయి ఐదో తరగతే. రెండు జడలు వేసుకుని, సైకిలు మీద నిలబడి తొక్కుతూ అప్పుడే సందులోంచి వెళ్లింది. వీరవేణి ఆ సైకిలు మలుపు తిరిగేదాకా చూసి, మొహం అటు తిప్పేసుకుంది.

చీకటి పడే వేళకి సూరిబాబు వచ్చాడు. ఉప్పాడ దగ్గర రొయ్యపిల్లల హేచరీలో పని అతనిది. ఒంటి నిండా ఉప్పు వాసన. కాళ్లు కడుక్కుని పిల్లని గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు.

“ఎగరెయ్యకండి.”

“రోజూ ఎగరేసేదే గదే.”

“వద్దన్నానా.”

ఆ గొంతుకి పిల్లని దించేశాడు. అన్నం దగ్గర కూర్చున్నాక మెల్లగా కదిపాడు. “ఏమైందే? కాలేజీలో ఎవరన్నా ఏమన్నా అన్నారా?”

చెప్పేద్దామనే నోరు తెరిచింది. చెబితే ఏమవుతుంది? ఈ మనిషి ఇక జన్మలో పిల్లని నవ్వుతూ ఎగరేయలేడు. ఇంట్లో ఒక్కరికే ఆ లెక్క తెలిస్తే ముగ్గురికి మామూలుగా అన్నం దిగుతుంది.

“మీ హేచరీలో రొయ్యపిల్లలు ఎన్ని బతుకుతాయండీ?” అని అడిగింది.

“నూటికి నలభై బతికితే గొప్ప. ఏం?”

“తొట్టిలో ఉండగానే తెలుస్తుందా, ఏది పోయేదో?”

“తెలీదు. తెలిస్తే దానికి మేత ఎవడేస్తాడు?” అని నవ్వాడు సూరిబాబు. వీరవేణి కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. సూరిబాబు తల్లి వైపు చూశాడు. ఆవిడ నాకేం తెలుసన్నట్టు చెయ్యి తిప్పింది.

*

మర్నాడు శుక్రవారం, ప్రాక్టికల్స్ లేవు. హైమవతి మేడం తొమ్మిదింటికి ల్యాబ్ తాళం తీస్తుంటే వీరవేణి వెనకే వెళ్లి, ఫ్రిజ్‌లోంచి గుడ్డ మూట తీసి బల్ల మీద పెట్టింది.

“తప్పు చేశానండి. పనిలోంచి తీసేస్తే తీసేయండి. ముందు ఇది చూడండి.”

మేడం మూత తీసింది. గోధుమరంగు ప్లేటుని అంత దగ్గరగా ఆవిడ కూడా ఎక్కువసార్లు చూడలేదేమో, దాన్ని వెలుగుకి ఎత్తి చూసింది.

“ఎవరిది? ఏ పిల్ల?”

“మా పిల్లండి.”

మేడం కుర్చీలో కూర్చుంది. కోపం వస్తుందనుకుంది వీరవేణి. అరిస్తే బాగుండనుకుంది. మేడం అరవలేదు.

“ఎన్ని నిమిషాలకి?”

“ఎనభై ఐదండి.”

“నాది నేను ఎప్పుడూ పెట్టుకోలేదు తెలుసా వేణీ. నా కొడుకుదీ పెట్టలేదు. నా చేత్తో చేసిన జెల్లీ, నాకే చెయ్యి రాలేదు. నీకు ఎలా వచ్చింది?”

“మీకు భయం లేదు కాబట్టి పెట్టలేదండి. నాకు ఉండబట్టలేక పెట్టాను.”

మేడం ప్లేటు తీసుకెళ్లి మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూసింది. తల ఎత్తాక ఆవిడ గొంతు మారింది.

“తీసేముందు పిల్ల నోరు కడిగావా?”

“ఏడాదిన్నర పిల్ల ఎలా పుక్కిలిస్తుందండీ?”

“తడిగుడ్డతో తుడవొచ్చుగా. నోరు కడక్కుండా తీసిన శాంపిల్ శాంపిలే కాదు. పిల్లలు అలా తెస్తే వాళ్లకి మార్కులే వేయను నేను. ఇప్పుడే ఇంటికి ఫోన్ చెయ్యి. పన్నెండింటికి పిల్లని తీసుకురమ్మను. అప్పటిదాకా దాని నోట్లో ఏమీ పడకూడదు. మంచినీళ్లు తప్ప.”

“పాలు?”

“పాలు కూడా. ఫలితం తేలేదాకా పాలు వద్దు. మళ్లీ తీయాల్సొస్తే కష్టం.”

“ఇదీ అలాగే వస్తేనండీ?”

“రానీ, అప్పుడు చూద్దాం,” అంది మేడం. అంటూనే ప్లేటుకి మూత పెట్టి తన సొరుగులో పెట్టేసింది.

*

పన్నెండుకి ఐదు నిమిషాల ముందు సత్యవతి ఆటో దిగింది. చంకలో మోక్షిత ఏడుస్తోంది.

“పొద్దుటి నుంచీ పిల్ల నోరు కట్టేశావు. ఏం పరీక్షలే ఇవి? నలుగుర్ని కన్నాను, ఒక్కడికీ నోరు గీకలేదు నేను.”

“అత్తయ్యా, కాసేపు వరండాలో కూర్చోండి.”

“కూచుంటాను. పిల్ల గొంతు ఆరిపోతే మాత్రం మీ మేడంతోనే తేల్చుకుంటాను.”

తల్లి వాసన తగలగానే మోక్షిత ఏడుపు ఇంకా పెద్దదైంది. మేడం మరిగించి చల్లార్చిన నీళ్లలో గుడ్డ ముంచి, పిల్ల చిగుళ్లూ నాలుకా బుగ్గలూ మూడుసార్లు తుడిచింది. నాలుగోసారి పుల్ల తిప్పింది. ఏడుస్తున్న నోరు కాబట్టి తెరవమనే పని పడలేదు. సరిగ్గా పన్నెండింటికి ఆ పుల్ల కొత్త జెల్లీ మీద రాసి, ప్లేటుని కిటికీ పక్క బల్ల మీద పెట్టారు.

మేడం రికార్డులు దిద్దుతోంది. ఎర్రసిరా టిక్కులు వరసగా పడుతున్నాయి. వీరవేణి పిల్లని భుజాన వేసుకుని బల్లల మధ్య అటూ ఇటూ తిరుగుతోంది. పిల్ల ఏడుపుకి రొమ్ములు బరువెక్కి, జాకెట్టు తడిసిపోయింది. కొంగు కప్పుకుని తిరుగుతూనే ఉంది. మోక్షిత కొంగు లాగుతుంది, వీరవేణి చెయ్యి తీసేస్తుంది. మళ్లీ లాగుతుంది. కాసేపటికి పిల్ల కొట్టడం మొదలుపెట్టింది. చిన్నచిన్న గుప్పిళ్లతో తల్లి మొహం మీద.

“కొట్టుకోమ్మా,” అంది వీరవేణి. “కొట్టుకో.”

ఒంటిగంట. ఆరేళ్లు. నీలం.

“ఏమే, అయిందా?” అని వరండాలోంచి సత్యవతి గొంతు.

“ఇంకా అవలేదండి.”

ఒంటిగంటా పది. ఒంటిగంటా పదిహేను. మేడం పెన్ను ఆగింది. మూత తెరిచి ఉన్న ఎర్రసిరా పెన్ను పుస్తకం మీద అలాగే ఉండిపోయి, అక్కడ చుక్క పెద్దదవుతోంది. ఆవిడ చూసుకోలేదు.

ఒంటిగంటా ఇరవై ఐదు.

వీరవేణి ప్లేటు వైపు చూడలేక గోడకున్న కప్ప అస్థిపంజరం బొమ్మ వైపు తిరిగింది. అందులో వెన్నెముక కింద రాసిన అక్షరాలు చదవడం మొదలుపెట్టింది. ఒక్కటీ బుర్రకెక్కలేదు. మోక్షిత ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లలోకి దిగింది. ఆ ఎక్కిళ్లు తన గుండెకి తగులుతుంటే ఒక్కొక్కటీ లెక్కపెట్టింది.

“వేణీ,” అంది మేడం.

తిరగలేదు.

“వేణీ, ఒకటీ నలభై అయింది. ఇటు చూడు.”

చూసింది. కిటికీ వెలుగులో ప్లేటు నీలంగా ఉంది. తెల్లవారుజామున ఉప్పాడ సముద్రం ఎలా ఉంటుందో అలా ఉంది, ఎక్కడా ఒక్క మచ్చ లేదు. వీరవేణి స్టూలు మీద కూలబడింది. ఏడుపు వస్తుందనుకుంది. నవ్వొచ్చింది. పిల్ల మెడలో మొహం దాచుకుని భుజాలు కదిలేలా నవ్వింది. మోక్షిత ఎక్కిళ్లు ఆపి వింతగా చూసింది.

“రెండింటి దాకా చూద్దామండీ.”

చూశారు. పన్నెండేళ్లు. నీలమే.

“మరి నిన్నటిది ఎందుకు అబద్ధం చెప్పిందండీ?”

మేడం సొరుగు తీసింది. గోధుమరంగు ప్లేటు తీసి నేరుగా బ్లీచింగ్ బకెట్టు వైపు వెళ్లింది. “నోరు కడగలేదు కదా. చెత్త పడింది. దీన్ని పారేద్దాం, ఇక దీని మాట ఎత్తొద్దు.”

ఆవిడ నడకలో ఏదో తొందర ఉంది. రెండేళ్లలో ఆ మేడం ఏ ప్లేటునీ తన చేత్తో బకెట్టులో వేయడం వీరవేణి చూడలేదు.

“మేడంగారూ, ఒక్కసారి ఇటివ్వండి.”

“ఎందుకు?”

“చూస్తానండి.”

“వద్దు వేణీ.”

ఆ వద్దు అన్న తీరుకే వీరవేణి లేచింది. పిల్లని చంకనేసుకుని వెళ్లి, మేడం చేతిలోంచి ప్లేటు అందుకుంది. మేడం గట్టిగా పట్టుకోలేదు. మైక్రోస్కోపు అద్దం సరిచేసి, ఒక కన్ను మూసి వంగింది. ఈ పని ఆమెకి కొత్త కాదు. పిల్లలకి కనబడకపోతే సరిచేసి ఇచ్చేది తనే.

బుగ్గ కణాలు ఎలా ఉంటాయో ఆమెకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. వడియాలు పెట్టే గుడ్డ మీద ఆరిపోయిన అప్పడాల్లా పల్చగా, మూలలు మడతపడి, మధ్యలో ఒక చుక్కతో ఉంటాయి. ఆ అప్పడాలు ప్లేటులో ఉన్నాయి. వాటి చుట్టూ జెల్లీ ఇంకా నీలంగానే ఉంది. వాటి పక్కన వేరేవి ఉన్నాయి. గుండ్రంగా, ఉడికిన సగ్గుబియ్యంలా, గుంపులు గుంపులుగా. గోధుమరంగు వాటి చుట్టూనే ఉంది. వాటి దగ్గరే పుట్టి అంతటా పాకింది.

“ఈ గుండ్రటివేంటండీ? బుగ్గలో ఇలాంటివి ఉండవు కదా.”

మేడం కిటికీ వైపు తిరిగింది.

“పొద్దున మీరు చూసింది ఇవేనాండీ? అందుకేనా పాలు వద్దన్నారు?”

“వేణీ, కూర్చో.”

“పాలల్లో ఏముంటాయండీ?”

హైమవతి మేడం ఎంతోమంది పిల్లలకి పాఠం చెప్పిన మనిషి. ఆ ఒక్క వాక్యం చెప్పడానికి మాత్రం ఆవిడ కళ్లజోడు తీసి పట్టుకోవాల్సి వచ్చింది. “పాలల్లో తల్లి కణాలుంటాయి. బతికే ఉంటాయి.”

గది బయట సత్యవతి ఎవరితోనో మాట్లాడుతోంది. పిల్ల పొద్దుటి నుంచీ పస్తనీ, ఈ కాలేజీలో ఇదేం విడ్డూరమనీ. వీరవేణి ఆ మాటలు వింటూ నిలబడింది. తనకి ఇరవై మూడు. నిన్న తొట్టి దగ్గర ఒకటిన్నరకి కలిపిన ఎనిమిదిన్నరని ఇప్పుడు ఇరవై మూడుకి కలపాలి. కలపడం కష్టమేమీ కాలేదు.

“నువ్వు భయపడకు,” అంది మేడం గబగబా. “ఇది నా జెల్లీ మాటే తప్ప ఇంకేం కాదు. ఎనిమిదేళ్ల ముందు హెచ్చరిక అందిన మనిషి ఇంతవరకూ ఎవరూ లేరు. నువ్వే మొదటిదానివి. సోమవారం కాకినాడ తీసుకెళ్తాను, నాకు తెలిసిన డాక్టర్లున్నారు. ఏం మొదలవబోతోందో వెతుకుదాం. నీది శుభ్రంగా తీసి ఇంకో ప్లేటు పెడదాం. అసలు ఈ ప్రాక్టికలే ఆపేస్తాను, వచ్చేవారం నుంచి పిల్లలకి ఉల్లిపాయ వేళ్లే చూపిస్తా. వేణీ, వింటున్నావా?”

వీరవేణి వినడం లేదు. భుజం మీద మోక్షిత మళ్లీ కొంగు లాగుతోంది. ఈసారి ఏడవడానికి కూడా ఓపిక లేక, మ్మ, మ్మ అని గొణుగుతూ లాగుతోంది. వీరవేణి అలవాటుగా ఆ చేతిని తీసేయబోయి ఆగింది.

“మేడంగారూ, నా పాలు దానికి ఇవ్వొచ్చాండీ?”

మేడంకి ఆ ప్రశ్న అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

“ఆ కణాల్లో ఏదో ఉంది కదండీ. అది పాలతోపాటు దానికి వెళ్తుందా?”

“లేదు. అలా వెళ్లదు.”

“మీకు ఖాయంగా తెలుసా?”

“ఏడాదిన్నరగా నీ పాలే తాగుతోంది కదా. దాని ప్లేటు అదిగో, చూడు. దానికంటే ఖాయం నేనేం చెప్పను?”

వీరవేణి చూసింది. కిటికీ పక్క నీలం. స్టూలు మీద కూర్చుని, గోడ వైపు తిరిగి, పిల్లకి పాలిచ్చింది. మోక్షిత అంత ఆకలిగా పట్టుకోవడంతో నొప్పి పుట్టి పళ్లు బిగబట్టింది. తర్వాత ఆ నొప్పి పోయింది.

మేడం వరండాలోకి వెళ్లి సత్యవతికి ఏదో చెప్పింది. “అంతా బాగుందా? ఆ ముక్క పొద్దున్నే నన్నడిగితే చెప్పేదాన్ని కదా,” అంటోంది ఆవిడ. ఆవిడని ఆటోలో ఇంటికి పంపించి మేడం తిరిగి వచ్చేసరికి మోక్షిత నిద్రపోయింది, వీరవేణి స్టూలుని కిటికీ పక్కకి జరుపుకుని ప్లేటు ముందు కూర్చుని ఉంది.

“ఇంటికి వెళ్లు వేణీ. దాన్ని బకెట్టులో నేను వేస్తాను.”

“ఇంకాసేపు ఉంచండి.”

“ఇక చూడాల్సిందేం లేదు. పిల్లది బాగుంది.”

“ఉంచండి మేడంగారూ. నేను చూడాలి.”

మేడం ఇంకో స్టూలు తెచ్చుకుని పక్కన కూర్చుంది. రెండున్నరకి మోక్షితకి పదహారు దాటాయి. ఇంటర్ చదువుతూ ఉండాలి. ఎవరూ మధ్యలో ఆపకూడదు. ఆ మాట ముందే సూరిబాబుకి చెప్పి ఒట్టేయించుకోవాలి. వీరవేణి పైకే అనేసింది, “బైపీసీ ఏమీ అక్కర్లేదు, దానికి నచ్చింది చదువుకోనీ.” మూడున్నర దాటాక వయసు ఇరవై మూడైంది. “ఇప్పుడు నా అంత,” అంది. నాలుగింటికి ఇరవై ఐదున్నర. ఈపాటికి ఎవరితోనైనా పెళ్లవుతుందో, ఉద్యోగమే చేసుకుంటుందో. జుట్టు తన పోలికే వస్తే నిక్కపొడుచుకుంటుంది, నూనె రాయాలని ఎవరైనా చెప్పాలి. సత్యవతి చెబుతుంది, ఆవిడ ఉంటే. లేకపోతే తనే ముందుగా నేర్పాలి. ఎనిమిదేళ్లలో జడ వేసుకోవడం, అన్నం వార్చడం, జ్వరం వచ్చినప్పుడు తన నుదురు తానే ముట్టుకుని చూసుకోవడం, అన్నీ నేర్పొచ్చు. ఎనిమిదేళ్లంటే తక్కువేం కాదు.

నాలుగున్నరకి కాలేజీ పిల్లలంతా వెళ్లిపోయారు. వరండాలో ఊడ్చే చప్పుడు వచ్చి ఆగిపోయింది. మోక్షిత ఒళ్లో కదిలి, బుగ్గ మీద వేలు పెట్టుకుని మళ్లీ పడుకుంది. వీరవేణి ప్లేటు మీంచి చూపు తిప్పలేదు.

ఐదు గంటలైంది. ముప్ఫై ఒకటిన్నర. నిన్నటి ప్లేటు తనకి చెప్పిన వయసు అది. ఆ నిమిషం వచ్చి, గడియారంలో ముల్లు ఒక గీత ముందుకి జరిగింది.

“దాటేసిందండి,” అంది వీరవేణి.

ఎవరిని అని మేడం అడగలేదు. ప్లేటు నీలంగానే ఉంది.